పదకొండు సినిమాల అవతల పుట్టినరోజు

వంటగదికీ పిల్ల పడుకునే గదికీ మధ్య ఈ ఉదయం పదకొండు సినిమాలు వచ్చి చేరాయి.

నిన్నటిదాకా అది ఏడు అడుగుల దూరం. ఒక్సన్ గుమ్మంలో నిలబడి చూస్తుంది. నడవా పొడవునా దీపాలు, ట్రాలీ పట్టాలు, గొడుగుల కింద డైరెక్టర్లు, ఒక రైలు. ఆమెకేం ఆశ్చర్యం కలగదు. పదకొండింటికీ సంతకం పెట్టింది తనే. ఈ నెల సియోల్‌లో స్టూడియోలు ఖాళీ లేవు. హీరోయిన్ ఒక్సన్ పదకొండు చోట్లకీ రాలేకపోతే స్టూడియోలే ఆమె ఇంటికి వచ్చాయి. మర్యాద తెలిసినవి.

ఆమె చేతిలో ఇత్తడి గిన్నె ఉంది. గిన్నె నిండా సూపు. సముద్రపు నాచు, గొడ్డుమాంసం ముక్కలు, పైన నువ్వుల నూనె. పుట్టినరోజు పొద్దున్న ఆ సూపు తాగనివాళ్లకి ఆ దేశంలో వయసు పెరగదు. కూతురు ఉన్సిల్‌కి ఇవాళ తొమ్మిదేళ్లు నిండాలి. నిండాలంటే సూపు వేడిగా చేరాలి. అందుకని ఒక్సన్ చూపంతా సూపు మీదే ఉంది.

వేడిగా చేరితే చాలదు. నిన్న సాయంత్రం ఉన్సిల్ చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చెప్పింది.

"మీరు మా అమ్మ కాదండీ. మా అమ్మ గొంతు నాకు తెలుసు. ప్రతి ఆదివారం పిన్నితో సినిమా హాలుకెళ్లి వింటున్నాను. రేపు సూపు ఎవరు తెచ్చినా తలుపవతల నించుని పిలవాలి. అమ్మ పిలిస్తేనే తీస్తాను."

"తియ్యకపోతే?" అంది ఒక్సన్, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడే గుసగుసలో.

"ఎనిమిదేళ్లలోనే ఉండిపోతాను. నాకేం తొందర లేదు."

పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు. పన్నెండేళ్ల కిందట మోక్పో రేవులో రైలెక్కినప్పుడు ఒక్సన్‌కి మొహమూ గొంతూ రెండూ ఉన్నాయి. మొదటి డైరెక్టరు సియోల్ స్టేషన్లో మొహాన్ని దింపుకుని, గొంతుని అదే రైల్లో వెనక్కి పంపేశాడు. "మొహం పున్నమి చంద్రుడు, గొంతు చేపలబజారు" అన్నాడు. ఆ దేశంలో సినిమాని మూగగా తీసి మాటలు తర్వాత అతికిస్తారు. ఒక్సన్‌కి మాటలు అతికించే ఆవిడ పేరు మల్సున్. వయసు యాభై దాటింది, మనిషి బియ్యం బస్తా, గొంతు మాత్రం పదహారేళ్ల పాకం. రెండు వందల నాలుగు సినిమాల్లో నటి ఒకరు, నోరు ఒకరు. ఒక్సన్ ఒక్క సన్నివేశంలోనూ ఒక్కతే లేదు.

ఇవాళ కూడా మల్సున్ వచ్చింది. ఒక చేతిలో మైకు, చంకలో ముక్కాలిపీట, నోట్లో కాయితాల కట్ట.

"నడువమ్మాయ్, నీ వెనకాలే ఉంటా" అంటుంది కట్ట చేతిలోకి తీసుకుని.

"నువ్వెందుకక్కా? ఇది నా ఇల్లు" అంటుంది ఒక్సన్ గుమ్మం దాటి. అనడం వరకే. ఏమీ వినిపించదు. గుమ్మం దాటితే సినిమా, సినిమాలో ఆమెకి శబ్దం లేదు.

మల్సున్ ఆమె పెదాల వంక చూసి, కాయితం వంక చూసి, మైకులో అంటుంది: "నాథా! ఈ అభాగినిని విడిచి వెళుతున్నారా?"

ఒక్సన్ పెదాలతో తిడుతుంది. పెదాలు చదవడంలో మల్సున్‌ని మించినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"నన్ను తిడితే ఏం లాభం? నాకు రాసిచ్చింది అదేనమ్మా. పెదాలకి సరిపోయిందా లేదా, అది చెప్పు."

సరిపోయింది.

మొదటి సినిమాలో మొగుడు యుద్ధానికి పోతున్నాడు. రైలు పొగ వదులుతోంది. "ఏడు!" అని అరుస్తాడు డైరెక్టరు. ఒక్సన్ ఏడుస్తుంది. అటు చివర్నుంచి ఏడో సినిమా వాళ్లు డోళ్లతో సహా పరిగెత్తుకొస్తారు.

"మా నంబరు పిలిచారు కదండీ!"

"మిమ్మల్ని కాదయ్యా, ఆవిణ్ణి ఏడవమన్నాను!"

"ఆవిడ మాక్కూడా ఏడవాలి సార్. ఇక్కడే కానిచ్చేస్తే మా దీపాలు కలిసొస్తాయి."

వాళ్ల వాదన తెగేలోగా ఒక్సన్ రైలు పెట్టె ఒక తలుపులో ఎక్కి, రెండో తలుపులోంచి రెండో సినిమాలో దిగుతుంది.

రెండో సినిమాలో ఆమెకి క్షయ. ఆమె చస్తేనే అవతలి తలుపు గడియ తీస్తారు. మంచం మీద పడి చస్తే సూపు ఒలుకుతుంది. అందుకని నిలబడే చస్తుంది. మర్యాద కోసం తల ఒక పక్కకి వాలుస్తుంది.

"చేతిలో ఆ గిన్నె ఏంటమ్మా?" అంటాడు డైరెక్టరు.

మల్సున్ మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి జవాబిస్తుంది: "క్షయరోగి చేతిలో అక్షయపాత్ర సార్. కాంట్రాస్టు."

"బావుంది, ఉంచండి."

మూడో సినిమాలో పెళ్లి. పెళ్లికొడుకు గాప్సూ. రైల్లో యుద్ధానికి పోయినవాడూ, ఇందాక నాడి చూసిన డాక్టరూ అతనే. అతనూ పదకొండు సినిమాల్లో ఉన్నాడు. నెత్తిమీద పదకొండు టోపీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వంగి నమస్కారం పెట్టబోయి, మానేసి, మెల్లగా అడుగుతాడు.

"ఏవమ్మా, నేనిక్కడ నీకు ఏమవుతాను?"

ఒక్సన్ పెదాలు కదుపుతుంది. మల్సున్ అవి చదివి అతని చెవిలో చెబుతుంది: "ఇక్కడ మొగుడివి. పక్క గదిలో అన్నయ్యవి. ఆ పైగదిలో నువ్వే నాన్నవి, మీసం పెట్టుకోవాలి."

"మరి ఏ గదిలో అన్నం పెడతారు?"

ఆ విషయం ఎవరికీ తెలియదు. గాప్సూ నిట్టూర్చి వాళ్ల వెనక నడుస్తాడు.

నాలుగో సినిమాలో అత్తగారు దారికి అడ్డంగా కూచుని ఉంది. ఆవిడ వయసు ముప్ఫై రెండు, ఇంకా పెళ్లి కాలేదు, పద్దెనిమిదో ఏట నుంచీ అత్తగారే. చెంచా ముంచి సూపు రుచి చూస్తుంది.

"ఉప్పేదే? మా వంశంలో ఇంత చప్పిడి కోడలు అడుగు పెట్టలేదు!"

"అత్తయ్యా, మీ పాదాలే నాకు దేవళం" అంటుంది మల్సున్ మైకులో. ఒక్సన్ పెదాలు అన్నది వేరు. అది అచ్చులో వెయ్యడానికి వీలుకాదు.

ఐదో సినిమాలో వాన. మనుషులు నిచ్చెనలెక్కి గొట్టాలతో కురిపిస్తున్నారు. ఒక్సన్ నడుం వంచి గిన్నెని కడుపులో దాచుకుని నడుస్తుంది. వాన వీపు మీద పడుతుంది, కన్నీళ్లు గిన్నెలో పడతాయి. అత్తగారు వెనకాలే వచ్చి మళ్లీ ఒక చెంచా తీసుకుంటుంది.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది. ఇదేదో ముందే ఏడిస్తే పోయేది కదా."

ఆరూ ఏడూ ఎనిమిదీ ఒకే సినిమా, పేర్లే వేరు. వాటిని ఒకే ఏడుపుతో దాటేస్తుంది. తొమ్మిదో దాంట్లో ఆమె తొమ్మిది తోకల నక్క, ఎనిమిది తోకలు గుమ్మం దాటాక తొమ్మిదోది తలుపులో ఇరుక్కుంటుంది, గాప్సూ ఒక టోపీ బదులిచ్చి విడిపించుకుంటాడు. పదో దాంట్లో జడ్జీ "ముద్దాయి చెప్పుకునేదేమైనా ఉందా?" అని అడుగుతాడు. డబ్బింగయ్యేదాకా ముద్దాయి మాట్లాడలేదు గనక కేసు ఆరు నెలలు వాయిదా పడుతుంది.

గిన్నెలో పొగ సన్నబడుతోంది.

పదకొండో సినిమాలో అడుగు పెట్టి ఒక్సన్ ఆగిపోతుంది. సెట్టు అచ్చం ఆమె ఇంటి నడవా. చివర ఒక కాయితపు తలుపు. తలుపు ముందు తొమ్మిదేళ్ల నటి ఒకతి, నూనె రాసిన జడలతో, నోరు తెరుచుకుని కూచుంది. డైరెక్టరు గిన్నె చూసి చప్పట్లు కొడతాడు.

"నిజం సూపు! నేను అట్టముక్కకి రంగేయించాను! అమ్మా, తల్లి కూతురికి సూపు తాగించే సీను, ఒక్క టేకు. గిన్నె అడుక్కంటా తాగించాలి. కానీ!"

పన్నెండేళ్లలో ఒక్సన్ ఏ డైరెక్టరు మాటకీ అడ్డం చెప్పలేదు. ఏడవమంటే ఏడ్చింది, చావమంటే చచ్చింది. అలవాటుగా ఆమె మోకాళ్లు వంగుతాయి. నటి పిల్ల నోరు ఇంకాస్త తెరుస్తుంది. చెంచా గిన్నెలో మునుగుతుంది.

మునిగిన చెంచాని ఒక్సన్ ఖాళీగా పైకి తీసి, తుడిచి, కొప్పులో గుచ్చుకుంటుంది. నేల మీద సుద్దగీత దాటి కెమెరాలోంచి బయటికి నడుస్తుంది.

"కట్ చెప్పలేదమ్మా!" అంటాడు డైరెక్టరు దీనంగా. "కట్ చెప్పకుండా ఎవరైనా ఎలా వెళతారు?"

ఆ ప్రశ్నకి జవాబు కావాలని పదకొండు సినిమాల వాళ్లూ ఆమె వెనక బయల్దేరతారు.

సుద్దగీత అవతల ఇంకో కాయితపు తలుపు ఉంది. ఇది అసలుది. కాయితంలో తడి వేలితో పొడిచిన చిల్లి ఉంది, చిల్లిలో ఒక కన్ను ఉంది.

"ఎవరండీ?" అంటుంది కన్ను.

ఒక్సన్ నోరు తెరిచి, వెనక నుంచి గొంతు వస్తుందని ఎదురు చూస్తుంది. రాదు. మల్సున్ ఆఖరి కాయితం అటూ ఇటూ తిప్పుతోంది. రెండు వైపులా తెల్లగా ఉంది.

"ఇక్కడికి అయిపోయిందమ్మాయ్. ఈ తలుపు సీను ఎవరూ రాయలేదు."

"రాసేదేముంది మల్సునమ్మా!" అని వెనక నుంచి డైరెక్టర్లు గోల పెడతారు. "'కన్నా' అను చాలు! ఆ గొంతుకి బండరాయైనా తలుపు తీస్తుంది! సూపు చల్లారిపోతోంది, అను!"

మల్సున్ ఊపిరి పీల్చి మైకు ఎత్తుతుంది. ఒక్సన్‌కి తెలుసు. ఆవిడ 'కన్నా' అంటే తలుపు తీసుకుంటుంది. తీసుకున్నాక పిల్ల మల్సున్‌ని చుట్టుకుంటుంది, తను మళ్లీ వంటగదిలోకి పోయి గిన్నె కడుక్కోవాలి.

ఆమె వెనక్కి తిరిగి సూపు గిన్నె మల్సున్ చేతుల్లో పెట్టేస్తుంది. గిన్నె పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. మైకు కింద పడుతుంది. మైకు లేకుండా మల్సున్ గొంతుకి ఆ పాకం రాదు.

ఒక్సన్ గొంతు సవరించుకుంటుంది. ముందు ఓడ కూత ఒకటి వస్తుంది. తర్వాత కొంచెం ఇసుక, రెండు సముద్రపు కాకులు. వాటి వెనక, పన్నెండేళ్ల తుప్పుతో, మాట వస్తుంది.

"ఓలమ్మీ ఉన్సిలూ! తలుపు తియ్యవే! సూపు సల్లారిపోతంది. నెగిసి ఎంతసేపైంది, మొకం కడిగినావా నేదా?"

డైరెక్టర్లందరూ చెవులు మూసుకుంటారు. నడవా అంతా ఎండుచేపల వాసన కొడుతుంది.

చిల్లిలో కన్ను రెప్పలాడిస్తుంది. "మా అమ్మ అలా మాట్లాడదండీ. పైగా మా అమ్మ చచ్చిపోయింది."

"ఎప్పుడే?"

"నలభై ఒక్కసార్లు. నేను ముందు వరసలో కూచుని చూశాను. క్షయతో పదమూడు, సముద్రంలో తొమ్మిది, రైలు కింద ఆరు, మిగతావన్నీ దిగులుతో." కన్ను చిల్లికి ఇంకా దగ్గరగా వస్తుంది. "ప్రతిసారీ కన్నా అని పిలిచే పోయింది. నేను ఏడ్చుకుంటూ ఇంటికొస్తే మీరు వంటింట్లో చేప వేయిస్తూ ఉంటారు. ఎవరండీ మీరు?"

నడవాలో వాన కురిపించేవాళ్లు గొట్టాలు మూసి వానని పట్టి ఉంచుతారు.

"అదా నీ గోల!" అంటుంది ఒక్సన్. నేలమీద చతికిలబడి, చిల్లికి ఎదురుగా కన్ను పెడుతుంది. "అందరూ ఇనండి, మళ్లీ మళ్లీ సెప్పను. మొకం నాదే. సచ్చినపుడల్లా కన్నా అని పిలిసిన గొంతు ఈ మల్సునప్పది. నా గొంతుని రైలెక్కించి పంపీసినారు. ఆ గొంతు నలబయ్యొక్క సారి సచ్చిపోయింది, నిజమే. ఈ గొంతు ఒక్కసారి కూడా సావనేదే అమ్మీ. సేప ఏయించింది ఇదే."

నడవా నిండా "ఆఁ, అదా సంగతి!" అన్న ఊపిరి వినిపిస్తుంది.

"నేనూ చావలేదు పాపా," అంటుంది మల్సున్ గిన్నె జాగ్రత్తగా పట్టుకుని. మైకు లేని ఆవిడ గొంతు బియ్యం బస్తాలాగే ఉంది. "ప్రతిసారీ నువ్వు ఏడ్చే వేళకి ఇంటికెళ్లి అన్నం తిన్నాను. తప్పే."

"అంటే నేను ఎవరికీ నిజం అత్తగారిని కానా?" అంటుంది అత్తగారు, చెంచా దించి. "పద్నాలుగేళ్లు ఉత్తినే సాధించానా?"

"అయితే నాకు పెళ్లి కాలేదన్నమాట!" అని గాప్సూ టోపీలన్నీ తీసి విసనకర్రలా విసురుకుంటాడు.

చిల్లిలో కన్ను ఒక్సన్‌ని, మల్సున్‌ని, గిన్నెని వరసగా చూస్తుంది. తర్వాత మాయమవుతుంది. తలుపు పక్కకి జరుగుతుంది.

ఉన్సిల్ గుమ్మంలోనే నిలబడి, మల్సున్ చేతుల్లోంచి గిన్నె అందుకుని, ఎత్తి గటగటా తాగుతుంది. తాగుతూండగానే వేలెడు పొడవు పెరుగుతుంది. మూతి తుడుచుకుని, ఒక్సన్ చెయ్యి పట్టి లోపలికి లాగుతుంది.

గది నిండా నేలమీద పక్కలు పరిచి ఉన్నాయి. ప్రతి పక్కలోనూ గడ్డందాకా దుప్పటి కప్పుకుని ఒక ఒక్సన్ పడుకుని ఉంది. పిల్ల ఏ ఆదివారమూ హాల్లోంచి ఒట్టి చేతులతో రాలేదు. అమ్మ పోయిన ప్రతిసారీ వీపున వేసుకుని తెచ్చి ఇక్కడ పడుకోబెట్టింది. సముద్రంలో పోయినవాళ్ల జుట్టు ఇంకా కారుతోంది. కింద తువ్వాళ్లు వేసి ఉన్నాయి.

"కాస్త జరగండి," అంటుంది ఉన్సిల్ వాళ్లతో. "మా అమ్మ కూచోవాలి."

నలభై ఒక్కమందీ కళ్లు తెరవకుండానే, దుప్పట్లు పట్టుకుని జరుగుతారు. చోటు చాలదు. గోడ జరుగుతుంది. గోడ అవతలి సందు జరుగుతుంది, సందులో ట్రాము జరుగుతుంది, దాని వెనక నది ఓపిగ్గా తన ఒడ్డు ఎత్తి పట్టుకుని జరుగుతుంది. సియోల్ నగరం మొత్తం జానెడు పక్కకి జరిగి సర్దుకుంటుంది. ఒక్సన్ కూచుంటుంది.