దుకాణం కట్టే వేళ

"కదలొద్దు సార్. కదిలితే మళ్ళీ మొదట్నుంచి!"

చెవులకు పెట్టిన గొట్టాల్లోంచి టెక్నీషియన్ షైని గొంతు వినిపించింది. ఆ వెంటనే స్కానింగ్ యంత్రం మోత మొదలైంది. మిల్లులో బేరింగు పోయినప్పుడు వచ్చే చప్పుడు అది. వెంకటకృష్ణారావు ఊపిరి బిగబట్టాడు. తల చుట్టూ పంజరం. కళ్ళ ముందు చిన్న అద్దం. అందులో ఒకదాని వెనక ఒకటి బొమ్మలు. కుడిచేతి కింద నాలుగు మీటలు.

బొమ్మ చూడగానే తాగాలని ఎంత అనిపిస్తే అంత పెద్ద అంకె ఉన్న మీట నొక్కాలి. ఏమీ అనిపించకపోతే మొదటిది. ఆగలేననిపిస్తే చివరిది.

సీసా వచ్చింది. గ్లాసు వచ్చింది. వైన్ షాపు బోర్డు వచ్చింది. అక్కడక్కడా కొద్దిగా నోరూరింది. ఒకట్రెండు సార్లు రెండో మీట నొక్కాడు. మధ్యలో సొంత ఇంటి ఫోటోలు వచ్చాయి. వాకిట్లో ముగ్గు, ఇడ్లీ పాత్ర, స్కూటరు, దుకాణంలో లక్ష్మీదేవి పటం ముందు హారతి. వాటికి అన్నిటికీ మొదటి మీటే నొక్కాడు.

తిరువూరు మెయిన్ రోడ్డులో హోల్‌సేల్ కిరాణా కొట్టు అతనిది. ప్యాంక్రియాస్ వాచి ఐసీయూలో పడి లేచాక, విజయవాడ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఈసారి తాగితే నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు. తెచ్చినా చెయ్యగలిగింది ఉండదు." చెప్పి ఊరుకోకుండా, తాగుడు మానలేనివాళ్ళ మెదడు ఏ క్షణంలో ఎలా నడుచుకుంటుందో బొమ్మలు తీసి చూసే పరిశోధన ఒకటి జరుగుతోందని అక్కడికి పంపాడు.

వెంకటకృష్ణారావు ఒప్పుకున్నది చావు భయంతో మాత్రమే కాదు. మానిన ప్రతిసారీ మళ్ళీ తాగాడు. తాగిన ప్రతిసారీ భార్యతో ఒకటే మాట. "తాగాలని పోలేదు రత్నం. ఎలా తాగానో నాకే తెలీదు."

"అవునా? సీసా దానంతటదే నడిచొచ్చి నోట్లో ఒంపుకుందా?" అనేది సుబ్బరత్నం.

తన మాట అబద్ధం కాదని ఎవరైనా, యంత్రమైనా సరే, ఒక్కసారి చెబితే చాలనుకున్నాడు.

తర్వాతి వారం ఇద్దర్నీ రమ్మన్నారు. పరిశోధన చేస్తున్న మైథిలి కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పింది. కూతురి వయసుంటుంది. బూడిదరంగు మెదడు బొమ్మ మీద అక్కడక్కడా నారింజ మచ్చలు.

"ఇది సీసా చూసినప్పుడు అంకుల్. పెద్దగా ఏం లేదు. ఇప్పుడిది చూడండి."

తెర మీద బొమ్మ మారింది. మెదడు లోపల, అడుగున, దివిటీ పెట్టినట్టు వెలుగు.

సుబ్బరత్నం పళ్ళు బిగించింది. "విస్కీనా? బ్రాందీనా?"

"హారతి ఫోటో ఆంటీ. మద్యంతో సంబంధం లేనివి తెమ్మంటే మీరు ఫోన్లో తీసి తెచ్చారే, అది."

సుబ్బరత్నం తెర మీదికి వంగింది.

"లక్ష్మీదేవి ముందు హారతి పళ్ళెం చూసి తాగాలనిపించిందా? మీ మిషనుకి మతి పోయిందమ్మా!"

"పోయుండొచ్చు," అంది మైథిలి నవ్వుతూ. "ఒక్క మనిషి స్కాను చూసి ఇదే కారణమని తేల్చెయ్యలేం. అందుకే అంకుల్‌నే అడుగుతున్నా. రోజూ ఈ హారతి అయ్యాక ఏం చేసేవారు?"

వెంకటకృష్ణారావు తెర వంక చూశాడు.

"కొట్టు కట్టే ముందు యజమానే హారతివ్వాలి. మా తాతగారి నాటి ఆచారం. హారతివ్వడం, గుమాస్తా బసవపున్నయ్యని పంపెయ్యడం, షట్టరు సగం దించడం..." ఆగాడు. "బెల్లం బస్తాల వెనక్కి వెళ్ళడం. సీసా అక్కడుండేది. ఏళ్ళ తరబడి ఇదే వరస."

"మరి మానేశాక?"

ఆ ప్రశ్నకు జవాబు సుబ్బరత్నం దగ్గర ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

"మానేశాక... నేనే..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ కొట్టు కట్టేటప్పుడు ఆ హారతి మీద చెయ్యి పెట్టి 'ఇవాళ ముట్టను' అని ఒట్టు పెట్టుకోమన్నాను. ఒంటరిగా, మనసు పెట్టి పెట్టుకోమన్నాను. దేవుడు అడ్డం పడతాడని. అగ్గిపుల్ల గీసిచ్చింది నేనేనండీ!"

"ఆంటీ, అలా అనుకోకండి. ఎవరికైనా అదే తోస్తుంది." మైథిలి అతని వైపు తిరిగింది. "ఆ ఫోటోకి మీరు మొదటి మీట నొక్కారు అంకుల్. అంటే ఏమీ అనిపించలేదని."

"అనిపించలేదమ్మా. నిజంగా అనిపించలేదు."

"నమ్ముతున్నాను. మీకు తెలియకముందే మెదడు బయల్దేరిపోయి ఉండొచ్చు. దారి ఎక్కడ మొదలవుతుందో తెలిసింది కాబట్టి, ఇక ఆ మలుపు దగ్గరే మీరు ఆగొచ్చు. తాగాలనే కోరిక కెరటంలా లేస్తుంది, కాసేపటికి దిగుతుంది. దిగేదాకా నలుగురి మధ్యలో కూర్చోండి. మందులు మాత్రం మానొద్దు."

నమ్ముతున్నాను. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! పెద్దమనిషి చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ఆ ఫోటో తియ్యకపోతే నేను ఈ ఏడాది దాటేవాణ్ణి కాదే. ఏడుస్తావేంటి?"

తిరుగు బస్సులో మైలవరం దాటేసరికి కొత్త తగువు మొదలైంది.

"రేపట్నుంచి కొట్టు నేను కడతాను," అంది సుబ్బరత్నం.

"ఆడవాళ్ళు కొట్టు కట్టి హారతివ్వడం మా ఇంటావంటా లేదు."

"తాగుడు ఉందా మీ ఇంటావంటా?"

ముందు సీట్లో ఆసామి కిసుక్కుమన్నాడు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. బసవపున్నయ్య గుడ్లప్పగించాడు.

"షావుకారు గారూ, హారతి..."

"అమ్మగారిస్తారు. నువ్వు షట్టరు దించి, తాళం పడ్డాకే ఇంటికెళ్ళు," అని మెట్లు దిగి, బస్టాండు దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

టీ సగం తాగాడో లేదో, హారతి వేళకి ఆ కెరటం వచ్చేసింది.

కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఎక్కడికని అడిగితే జవాబు లేదు, వెళ్ళాలి, అంతే. ఇన్నాళ్ళూ దీని ముఖం తెలియకుండానే దీని వెంట నడిచాడు. ఇవాళ గుర్తుపట్టాడు.

"వచ్చావా? కూర్చో," అన్నాడు పైకే.

"నన్నేనా?" అన్నాడు పక్కన బజ్జీలు తింటున్న గంపలగూడెం ఆటోడ్రైవరు ఏసోబు.

"నిన్నే. ఏదో ఒకటి చెప్పు నాయనా. ఏదైనా సరే. ఆపకుండా చెప్పు."

ఏసోబు అతన్ని ఓసారి ఎగాదిగా చూశాడు. పత్తి రేటు దగ్గర మొదలెట్టి, గంపలగూడెం రోడ్డు గోతుల మీదుగా, అలిగి పుట్టింటికెళ్ళిన పెళ్ళాం దాకా చెప్పుకుపోయాడు. వెంకటకృష్ణారావు బల్ల అంచు పట్టుకుని ప్రతి మాటా విన్నాడు. మరో టీ తెప్పించాడు. పెళ్ళాం తిరిగొచ్చే ఘట్టానికి వచ్చేసరికి అతని చేతులు బల్ల అంచు వదిలేశాయి.

కెరటం దిగింది.

రోడ్డు దాటి సుబ్బరత్నం వస్తోంది. దూరం నుంచే అతని మొహంలో ఏదో వెతుకుతూ, భయపడుతూ.

"దగ్గరికి రాకు!" అన్నాడు. "కర్పూరం వాసనొస్తావు."

ఆమె నడిరోడ్డు మీదే ఆగిపోయింది. అతను నవ్వుతున్నాడని ఆమెకు అర్థమయ్యేలోగా లేచి నిలబడి, అందరి ముందూ రెండు చేతులూ జోడించాడు.

"ఏంటండీ ఈ వేషాలు? జనం చూస్తున్నారు!"

"చూడనీ. నీకు ఎప్పుడో పెట్టాల్సిన దణ్ణం."

సుబ్బరత్నం ఒక్క క్షణం తల వంచుకుంది. తర్వాత టీకొట్టువాడి బిందె దగ్గరికి వెళ్ళి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నాకూ ఒక టీ చెప్పండి," అంది.