మొగిలమ్మ కాలికి తెలియని బూట్లు

నేను ఒక జత రబ్బరు బూట్లను. ఇద్దరుగా పుట్టినా ఒక్కరిగానే మాట్లాడతాను, ఎందుకంటే మాలో ఒకటి లేకపోతే రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. రంగు చింతాకు పచ్చ, పొడవు పిక్కలదాకా. నన్ను చూడగానే జనానికి పాల డెయిరీయో పేడదిబ్బో గుర్తొస్తుంది కాని గుడి గుర్తుకురాదు. అయినా పాలమిట్ట గంగమ్మ జాతరలో ఊరు ఊరంతా నా మీద పసుపునీళ్లు పోసి మొక్కింది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. ఆ మొక్కు నాకు కాదని నాకూ తెలుసు.

నా పుట్టుక కేరళ కొండల్లో. చెట్టు బెరడు గీస్తే కారిన పాలు గడ్డకట్టి, లారీ ఎక్కి, ఏదో ఫ్యాక్టరీలో మెత్తటి ముద్దయి, ఇనప కాలి అచ్చుకు అతుక్కుని వేడిలో ఉడికితే నేనయ్యాను. లోపల గుడ్డ అంటించారు. అడుగున బురదలో జారకుండా లోతైన గాడులు పెట్టారు. మనిషి కాలు చూడకముందే మనిషి కాలి ఆకారం వచ్చేసింది నాకు. అందుకే కాళ్ల గురించి నాకు తెలియంది లేదనుకునేదాన్ని. ఆ పొగరు ఎక్కువకాలం నిలవలేదు లెండి.

పాలమిట్టలో ఖాదర్ బాషా చెప్పుల కొట్టుకు చేరితే, నన్ను మొదట కొన్నది ఒక ఆఫీసరుగారు. చెరువు తెగి నీళ్లొచ్చాయని చూడ్డానికి వచ్చాడు. నీళ్లను చూడ్డం కంటే నీళ్లలో తాను కనబడడం ముఖ్యమాయనకు. ఫొటో తీసేదాకా తొడుక్కుని, తీయగానే నన్ను విప్పి జీపు వెనక పడేశాడు. ఆయన అటెండరు నన్ను తిరిగి ఖాదర్ బాషా చెప్పుల కొట్లోనే ఇచ్చేసి, బదులుగా తన కూతురికి బడి బూట్లు పట్టుకుపోయాడు. ఖాదర్ బాషా నన్ను తుడిచి పై అరలో పెట్టాడు. ఆ వానాకాలమంతా గొడుగుల పక్కన కూచుని, వచ్చేపోయే కాళ్లను చూస్తూ గడిపాను.

ఆ అర మీదనుంచే మనుషుల సంగతి అర్థమైంది. చీరకు రంగు కలిసిందా లేదా అని గంటసేపు చూస్తారు, వేళ్లు ఆడుతున్నాయా లేదా అని మాత్రం చూడరు. చిన్నదైతే "వేసుకోగా వేసుకోగా సాగుతుంది" అంటాడు ఖాదర్ బాషా. అబద్ధమని కాదు, వాళ్ల నాయన అనేవాడు గనక తనూ అనేవాడు. కొనేవాళ్లు కూడా ఆ మాట వినడానికే వచ్చినట్టు తలూపి కొనుక్కుపోయేవాళ్లు.

ఒక సాయంత్రం మొగిలమ్మ వచ్చింది. బస్టాండు వెనక జాకెట్లు కుడుతుంది. జాతర వచ్చిందంటే ఊళ్లో సగం వేషాలకు గుడ్డలు కుట్టేది ఆమే. వెంట చెల్లెలు సులోచన, సులోచన చేతిలో తాడు, తాడు చివర సంగటి అనే కుక్క. రాగిసంగటి ముద్దలాంటి రంగు కాబట్టి ఆ పేరు. అది వస్తూనే ఖాదర్ బాషా స్టూలు కింద దూరి పడుకుంది.

మొగిలమ్మకు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు. కాళ్లు మొద్దుబారిపోయాయి. అంతకుముందు సంవత్సరం "సాగుతాయి" అన్న కొత్త చెప్పులే కొనుక్కుంది. అవి సాగలేదు, వేలిని కోశాయి. నొప్పి తెలిస్తే కదా విప్పడానికి! తెలిసేసరికి వేలు పోయింది. ఇంకాస్త ఆలస్యమైతే పాదమే తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆసుపత్రి మంచం మీదే మొగిలమ్మ మొక్కుకుంది, "కాలు నిలబెట్టు గంగమ్మ తల్లీ, నీ జాతరకు ఈ కాలితోనే నడిచొస్తా" అని. కాలు నిలబడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక ఆన పెట్టింది. ఇంట్లోగానీ బయటగానీ వట్టికాళ్లతో నేల తొక్కకూడదు. రోజూ నడవాలి, కాలు తడవకూడదు. సంగటిని తిప్పుకొచ్చేది చెరువుగట్టు మీద, అక్కడ బురద లేని రోజు తక్కువ. అందుకని వచ్చింది.

"ఏమక్కా, బిగుతుగా ఉండాదా?" అని అడిగాడు ఖాదర్ బాషా, మేజోళ్ల మీద ఒక జత తొడిగి.

"ఆ మాట కాలిని అడగాల బాషా. అది నాతో మాట్లాడి చాన్నాళ్లయింది."

"వేసుకోగా వేసుకోగా..." అని మొదలుపెట్టాడు. సులోచన చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

మొగిలమ్మ సంచిలోంచి రెండు అట్టముక్కలు తీసింది. కాళ్లు వాచి ఉండే సాయంత్రం పూట అట్ట మీద నిలబడి చుట్టూ గీత గీయించుకోమని డాక్టరమ్మ చెప్పిందట. జాకెట్టు కుట్టేందుకు ఆది జాకెట్టు తెచ్చుకున్నట్టే ఆమె తన పాదాలకు ఆది కత్తిరించి తెచ్చుకుంది. ఒక్కో బూటులో ఆ అట్ట పెట్టి చూస్తుంది. అంచు మడతపడితే పక్కన పెట్టేస్తుంది. అందంగా ఉన్నవన్నీ మడతపెట్టాయి. నా వంతు వచ్చింది. అట్ట లోపలికి జారి, ఎక్కడా ముడుచుకోకుండా, ముందు బొటనవేలంత ఖాళీ వదిలి పరుచుకుంది. తరవాత చెయ్యి లోపలికి దూర్చి, కుట్టు ఎక్కడైనా గరుకుగా ఉందేమోనని వేళ్లతో తడిమింది. అంత శ్రద్ధగా నన్నెవరూ ముట్టుకోలేదు అప్పటిదాకా.

"ఇదే ఇయ్యి," అంది.

"అది ఒకసారి తొడిగి తెచ్చినదక్కా," అన్నాడు ఖాదర్ బాషా నిజాయితీగా.

"ఎవురు తొడిగితే ఏమప్పా, నా కాలికి సరిపోయింది."

మెత్తగా ఉన్నానో లేదో నేల మీద ఒక్క కాలికైనా తెలియాలని కదా నన్ను చేసింది! చివరికి నాకు దొరికిన కాళ్లకు అదే తెలియదు. మొదట్లో కాస్త చిన్నబోయిన మాట నిజం. ఆమె కాలికి తెలియకపోయినా ఆమె చేతికి తెలుసు. రోజూ తొడిగేముందు నన్ను తలకిందులు చేసి దులిపేది, లోపల తడిమేది. కోటుగుడ్డ పొరలు పెట్టి అరికాలి కింద మందంగా ఒక మెత్త కుట్టింది. సాయంత్రం విప్పగానే సులోచన అక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులదాకా చూసేది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఆ పని చేసేవాళ్లు. "నీ కాళ్లు చూసుకునేటందుకే పుట్టినట్టుండా నేను," అని సులోచన సణిగేది కానీ ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

సంగటి నన్ను చెరువుగట్టంతా ఈడ్చింది. అది కొంగల వెంటపడితే మేం దాని వెంటపడ్డాం. ఎంత బురదలో దిగినా చుక్క నీరు లోపలికి రానివ్వలేదు నేను. ఇంటికొచ్చాక మేజోళ్లు పొడిగా ఉన్నాయని మొగిలమ్మ మురిసిపోయేది.

జాతర దగ్గరపడేకొద్దీ ఆమె గొంతు తగ్గింది. గంగమ్మకు పొంగలి తీసుకుపోయేవాళ్లు ఇంటిదగ్గరనుంచే చెప్పులు విడిచి నడవాలి. అది ఊరి ఆచారం. మొక్కేమో నడిచొస్తానని, డాక్టరమ్మ ఆనేమో వట్టికాళ్లు వద్దని. ఏది తప్పినా ఆమెకు భయమే. ఆ ఏడు ధైర్యం చేసి, పొంగలికుండ నెత్తిన పెట్టుకుని, నన్ను తొడుక్కునే బయల్దేరింది. గుడి ముందు పందిరి దగ్గర పూలకొట్టు జయమ్మ అడ్డం నిలబడింది.

"ఏమ్మే మొగిలీ, బూట్లతో అమ్మకాడికి వస్తావా? ఊరికి మంచిదేనా?"

జయమ్మ చెడ్డది కాదు. భక్తి కలది, పైగా ఊరి మంచి తన భుజం మీదే ఉందనుకునే మనిషి. మొగిలమ్మ కుండ దించుకుని నన్ను విప్పడానికి వంగింది కూడా. సులోచన ఆమె రెక్క పట్టుకుని లేపి, పొంగలికుండ తాను తీసుకుని లోపలికెళ్లింది. ఇంటికొచ్చాక మొగిలమ్మ నన్ను గడపలో విప్పి, నా పక్కనే కూచుని ఏడ్చింది. "తల్లి కాలు నిలబెట్టింది, నేను మాట నిలబెట్టుకోలేకపోతిని," అంది. ఆ రోజు నేనెందుకు పుట్టానా అనిపించింది నాకు.

మళ్లీ ఏడాది తిరిగింది. వైశాఖం ఎండలు మొదలయ్యాయి. మిషను మీద వేషాల గుడ్డలు గుట్టలుగా పడ్డాయి. మా ఊరి జాతరకు వేషాలే అందం. పూర్వం ఒక దుర్మార్గుణ్ణి వెతుక్కుంటూ అమ్మ రోజుకో వేషంలో వీధులన్నీ తిరిగిందట. అందుకని మొక్కున్నవాళ్లు బైరాగిగానో, కోమటిగానో, దొరగానో వేషం కడతారు. ఆడామగా తేడా లేదు. వేషం కట్టిన మనిషిని ఆ పూటకు అమ్మగానే చూస్తారు. ఎదురైనవాళ్లు పసుపునీళ్లు పోసి కాళ్లకు మొక్కుతారు.

నీళ్ల ట్యాంకు కాడ పనిచేసే గురప్ప దొర వేషానికి కోటు కుట్టించుకుంటున్నాడు. కోటు తొడిగి చూసుకుంటూ గడపవైపు చూశాడు.

"మొగిలక్కా, దొర అంటే బూట్లుండాల గదా. నీ బూట్లు ఒకపూట ఇయ్యక్కా, కడిగి తెచ్చిస్తా."

మొగిలమ్మ మిషను తొక్కడం ఆపింది.

"బూట్లతో నిన్ను గుడికాడికి రానిస్తారా?"

"దొరని ఆపేది ఎవురక్కా? దొర ఏసం కట్టినాక ఆయమ్మే గదా నేను!"

ఆమె లేచి అతని భుజాల మీదనుంచి కోటు మెల్లగా ఒలిచేసింది.

"బూట్లు ఇయ్యను గురప్పా. కోటు కూడా ఇయ్యను. ఏమనుకోవద్దు నాయనా."

గురప్ప బిత్తరపోయాడు. ఈసారి దొర వేషం తానే కడతానని ఆమె చెప్పాక నెత్తి గోక్కున్నాడు. "దొర వెనక మంత్రి ఉండాల గదక్కా," అన్నాడు చివరికి. అతనికి మంత్రి అంగీ ఆ సాయంత్రానికల్లా కుట్టిచ్చింది, కూలి లేకుండా.

జాతర రోజు మధ్యాహ్నం మబ్బు పట్టి వాన దంచింది. వీధులన్నీ మట్టి, పూలు, పసుపు కలిసి చిత్తడి. ఆ బురదలో వట్టికాళ్ల జనం మధ్య మొగిలమ్మ నడిచింది. కోటు, టోపీ, చేతిలో కర్ర, కాటుకతో దిద్దిన మీసం. పక్కన మంత్రి గురప్ప. దొరలకు కుక్క ఉండాల్సిందేనని ఎవరో అంటే సంగటి కూడా దర్జాగా నడిచింది. మలుపు మలుపుకీ బిందెలతో పసుపునీళ్లు. అవి నా మీదనుంచి కారిపోతుంటే, లోపల ఆమె పాదం పొడిగా వెచ్చగా ఉంది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

పందిరి దగ్గర జయమ్మ బురదలోనే మోకాళ్లూని నా మీద కుంకుమ పెట్టి మొక్కింది. తలెత్తి చూసింది. మీసం కింద మొగిలమ్మను గుర్తుపట్టింది. మొహం ఎర్రబడింది. లేవబోయినదల్లా ఆగి, తల నాకు ఆనించి రెండోసారి మొక్కింది. పైన మొగిలమ్మ కళ్లనీళ్లకు కాటుక మీసం కారిపోయింది.

మొక్కు తీరాక వేషం గుళ్లోనే విప్పి అమ్మకు ఇచ్చెయ్యాలి. ఆ సంగతి మొగిలమ్మ అప్పటిదాకా తలచుకోలేదు. కోటు విప్పింది, టోపీ తీసింది, నన్ను చూసి నిలబడిపోయింది. గుడిపెద్ద చిన్నబ్బ నాయుడు ముసలాయన, ఏడాది కిందటి గొడవ ఎరిగినవాడే.

"బూట్లు తొడుక్కునే పోమ్మా. పాడైనాక తెచ్చియ్యి. అమ్మకేం తొందర?" అన్నాడు.

ఇంటికొచ్చాక సులోచన ఎప్పట్లాగే అక్క కాళ్ల దగ్గర కూచుంది. కుడి బూటు లాగబోతే చేతికి ఏదో గీసుకుంది. తిరగేసి చూసింది. పందిరి గుంజల మేకు, వేలంత పొడవుది, అడుగునుంచి ఏటవాలుగా నాలోకి దిగిపోయి ఉంది. సులోచన గబగబా మేజోడు ఊడదీసింది. పాదం చేతుల్లోకి తీసుకుని దీపం దగ్గరికి జరిపి చూసింది, తిప్పి తిప్పి చూసింది. గీత కూడా పడలేదు. మేకు మొన కోటుగుడ్డ మెత్తలో ఆగిపోయింది.

"అక్కా, యాడ గుచ్చుకున్నిందో తెలీదా నీకు?"

"తెలీదే."

మొగిలమ్మ బురద బూటును రెండు చేతుల్తో అందుకుని కళ్లకద్దుకుంది.

"కాలిబూటును కళ్లకద్దుకుంటావా!" అంది సులోచన, తనూ ఏడుస్తూనే.

"కాలికి తగలాల్సిందాన్ని ఇదే గదే ఓర్చుకునింది."

చిల్లుపడ్డ బూటు నీటికి పనికిరాదు. పంచరు వేయిస్తే లోపల గడ్డకట్టినట్టుండి పాదాన్ని ఒత్తుతుందని సులోచన ఒప్పుకోలేదు. అట్ట ఆదులు పట్టుకుని ఇద్దరూ మళ్లీ ఖాదర్ బాషా కొట్టుకు పోయారు. "సాగుతుంది" అనే మాట అతను ఈసారి నోట్లోకే రానివ్వలేదట.

నేనిప్పుడు గుడి వెనక గదిలో ఉన్నాను. బైరాగి జటలు, కోమటి తలపాగాలు, దొర కోటు నా ఇరుగుపొరుగు. నా మీద పసుపు మరక ఇంకా పోలేదు. రబ్బరు ముక్కకు ఇంతకంటే ఏం కావాలి? నన్ను ఏరుకున్న చేతికి, నన్ను ఆపిన జయమ్మకు, అడిగిన గురప్పకు, చివరికి ఆ మేకుకు కూడా దణ్ణం పెట్టుకుంటాను.

సాయంత్రాలు కిటికీలోంచి వీధి వినబడుతుంది. ముందు సంగటి మెడ గంట, దాని వెనక సులోచన సణుగుడు, ఆ వెనక కొత్త బూట్ల చప్పుడు. నేను చెవులు రిక్కించి లెక్క చూసుకుంటాను. ఒక అడుగు, దాని వెంటే ఇంకో అడుగు. రెండు కాళ్ల నడక.