సులుక్ జవాబు

"అమ్మా, టీ నీళ్ళల్లే ఉంది," అంది మా అత్తగారు ఎడ్నా గుడిసెలోంచి.

నా చేతులు మోచేతుల దాకా తిమింగలం నూనెలో ఉన్నాయి. తిమింగలాన్ని ఒడ్డుకి లాగి పడేస్తే మగవాళ్ళ పని అయిపోయినట్టే. తర్వాత పడవ పక్కన నిలబడి అది ఎలా దొరికిందో చెప్పుకుంటూ ఉంటారు. చర్మాన్ని కొవ్వుతో సహా పలకలుగా కోసి, ఆరేసి, ఉడకబెట్టి డబ్బాల్లో దాచేది మేము. మాంసం పల్చగా చీరి పొగలో వేలాడదీసేదీ మేమే. ఆ పొగకి కళ్ళు మండుతుంటే, దోమలు ముఖం మీద ముసురుతుంటే, ఈవిడకి టీ చిక్కగా లేదు. కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ టీ పెట్టాను.

అత్తగారు కోడల్ని అమ్మా అనడం ముద్దుకి కాదు. ఎడ్నా వాళ్ళమ్మ సులుక్ చనిపోయిన నెలలోనే నేను పుట్టాను. పెద్దలు ఆ పేరు నాకు పెట్టారు, డార్లీన్ అన్నది కాగితాల మీద పేరు. మా వాళ్ళలో పేరుతో పాటు మనిషీ వస్తుంది. అందుకే నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఎడ్నా నన్ను అమ్మా అనే పిలిచింది. బొచ్చు కోట్లు కుట్టి తెచ్చేది. నేను తనని బిడ్డా అనాలి, అది వరస. సిగ్గేసి ఒక్కసారీ అనలేదు. తర్వాత వాళ్ళబ్బాయి ఎల్మర్‌ని పెళ్ళి చేసుకున్నాను. అమ్మమ్మని పెళ్ళాడాడని ఊరంతా వాణ్ణి ఇప్పటికీ ఆట పట్టిస్తుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది నా హోదా. అమ్మ అన్న పిలుపు దక్కింది గానీ, అమ్మ మాట చెల్లడం మాత్రం దక్కలేదు.

ఆ టీ గిన్నె చేతిలో ఉండగానే రేడియో మోగింది.

ఉత్తర ధ్రువం దగ్గరి ఈ తీరంలో ఫోన్లు పనిచేయవు. వేసవి వేట క్యాంపుల్లో ఏ గుడిసెలో చూసినా అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది. ఎవరికి ఏం చెప్పినా అందరూ వింటారు, వినడం తప్పని ఎవరూ అనుకోరు. అందుకే చదువుల ఆఫీసులో బతిమాలి వచ్చాను, నా దరఖాస్తుకి జవాబు వచ్చిందని ఒక్క ముక్క చెప్పండి చాలు, మిగతాది నేనే వచ్చి కనుక్కుంటానని. ఆ సంగతి వేసవికి కొత్తగా చేరిన పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"డార్లీనక్కా, వింటున్నావా? శుభవార్త. ఎల్లోనైఫ్ సిటీలో నర్సింగు చదువుకి నీకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఫీజూ, ఇంటద్దే, తిండీ అన్నీ మన వాళ్ళే ఇస్తారు. నాలుగేళ్ళూ ఇస్తారక్కా. సాయంత్రం ఆరింటికి మళ్ళీ పిలుస్తా, వస్తావో రావో చెప్పెయ్. లేకపోతే సీటు ఇంకొకళ్ళకి పోతుంది."

వెంటనే పక్క క్యాంపు ముసలాయన గొంతు వినపడింది. "ఎల్మరూ, సాక్సులు ఉతకడం నేర్చుకోరా." ఇంకెవరో అందుకున్నారు. "మీ అమ్మమ్మ బడికి పోతోందటరోయ్, పలకా బలపం కొనిపెట్టు." తీరమంతా నవ్వింది. నేను మాత్రం గిన్నె పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నిలబడ్డాను.

ఎల్మర్ లోపలికొచ్చాడు. "నాకు చెప్పనేలేదే."

"చెప్తే ఏమనేవాడివి?"

"వద్దనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

"నలభై దాటాక నర్సేమిటి? అది పిల్లల డబ్బు. మన నేల కోసం ప్రభుత్వంతో కొట్లాడి పెద్దలు సంపాదించి పెట్టింది వాళ్ళ చదువులకి. పిల్లల నోటి దగ్గర కూడు నువ్వు తింటావా?"

నేను చదివితే మా పిల్లలకి ఒక్క పైసా తగ్గదు, అడిగి తెలుసుకున్నాను. అయినా ఆ మాట అనలేదు. ఎల్మర్ రోడ్డు యంత్రాలు నడపడం నేర్చుకోవడానికి దక్షిణానికి వెళ్ళింది కూడా ఆ డబ్బుతోనే. అప్పుడది మన హక్కు. ఆ చలికాలమంతా చంకలో ఒకదాన్ని వేసుకుని, ఇంకొకణ్ణి చెయ్యి పట్టుకుని, గడ్డకట్టిన నీళ్ళ గొట్టాలు వేడినీళ్ళతో కరిగించుకుంటూ ఉన్నాను. తిరిగొచ్చాక సర్టిఫికెట్ ఫ్రేము కట్టించాడు. దాని కింద తీగ కట్టి వాడి బట్టలే ఆరేశాను. ఊళ్ళో క్లినిక్‌లో నా ఉద్యోగం ముందు బల్ల దగ్గర. నర్సులు దక్షిణం నుంచి వస్తారు, కొన్ని వారాలుండి పోతారు. ముసలమ్మలు తమ నొప్పి పాత భాషలో నాకు చెప్తారు, నేను ఇంగ్లీషులో నర్సుకి చెప్తాను, ఆమె థాంక్యూ అని నవ్వి నా ముఖం మీదే తెర లాగేస్తుంది. ఆ తెర అవతల ఏం చేస్తారో తెలుసుకోవాలన్న ఆశ నాలో ఎప్పుడు పుట్టిందో నాకే తెలియదు. చెప్పుకోవడానికి మనిషి లేక, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటినిండా జనమే. సులుక్ అనీ, అమ్మా అనీ, డార్లీన్ అనీ పిలిచేవాళ్ళే. నీకేం కావాలని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఎల్మర్ పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కత్తి పట్టాను. మధ్యాహ్నమంతా ఎడ్నా టీ కూడా అడగలేదు. చివరికి కర్ర పోటేసుకుంటూ వచ్చి నా పక్కన దుంగ మీద కూర్చుంది.

"చిన్నప్పుడు పాదరీలు నన్ను బలవంతంగా మిషన్ బడి పడవ ఎక్కించిన రోజు మా అమ్మ ఇక్కడే నిలబడింది," అంది. "నేను చెయ్యి ఊపాను. తను ఊపలేదు. ఎందుకు ఊపలేదో అడుగుదామనుకున్నా. కొన్నేళ్ళకి ఇంగ్లీషు తప్ప రాకుండా తిరిగొచ్చేసరికి నా మాట తనకి తెలియలేదు, తన మాట నాకు తెలియలేదు. ఇంకెక్కడ అడుగుతాను?"

నేను కోస్తూనే ఉన్నాను.

"బడి మనుషుల్ని తీసుకుపోతుందమ్మా. తిరిగివ్వదు. అప్పుడు నన్ను తీసుకుపోయింది. ఇప్పుడు నిన్ను తీసుకుపోతానంటోంది."

ఇన్నేళ్ళూ నీళ్ళల్లే ఉందనీ చల్లారిందనీ ఈ మనిషి అడిగింది టీ కాదని అప్పుడు తెలిసింది. నేను కళ్ళ ముందునుంచి కదలకుండా చూసుకుంది, అంతే. నాకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు. తన భయానికి నన్ను గుంజకి కట్టేసింది కదా, ఆ తాడుకి అమ్మ అని పేరు పెట్టి. నాకోసం ఎవరు భయపడ్డారు? వెళ్ళనని చెప్పేస్తే ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతారు, నేను తప్ప. ఎడ్నాని చెయ్యి పట్టుకుని గుడిసెలోకి తీసుకెళ్ళి బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

ఆరింటికి రేడియోలో ఆ పిల్ల పిలిచింది. "డార్లీనక్కా, ఉన్నావా?"

అన్ని క్యాంపుల్లోనూ వింటున్నారని తెలుసు. ఎల్మర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆలోచించి చెప్పు," అన్నాడు నెమ్మదిగా. వాడి గొంతులో కోపం లేదు, బెదురుంది. మైకు తీసుకుని బటన్ నొక్కాను. జవాబు ఆ పిల్లకి చెప్పాలి. కానీ నా కళ్ళు బల్లకి అవతల కూర్చున్న ఎడ్నా మీదే ఉన్నాయి.

"బిడ్డా," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఎడ్నా తలెత్తింది.

"ఎడ్నా, నేను సులుక్‌ని, మీ అమ్మని. ఆ రోజు చెయ్యి ఊపితే నువ్వు ఏడుస్తావని ఊపి ఉండను. అది తప్పే. ఈసారి పడవెక్కేది నేను. నన్నెవరూ లాక్కుపోవడం లేదు, నేనే వెళ్తున్నాను. ప్రతి వేసవికీ తిమింగలాల వేళకి వస్తాను, నా భాషతోనే వస్తాను. నువ్వు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపితే నాకు బావుంటుంది. ఊపకపోయినా వెళ్తాను."

బటన్ మీద వేలు అలాగే ఉంచాను.

"అమ్మాయ్, వస్తున్నానని రాసుకో."

బటన్ వదిలేశాను. తీరం పొడవునా ఒక్కరూ నవ్వలేదు. ఎల్మర్ వాళ్ళమ్మ వైపు చూశాడు, ఏదో ఒకటి అంటుందని. ఎడ్నా బల్లకి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, చెయ్యి పైకెత్తి, నాకేసి మెల్లగా ఊపడం మొదలుపెట్టింది.