చక్రవర్తికి వెనకవైపు లేదు

నవనీత స్కూటీ మీద నుంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న వారమే ఆ ఆట వచ్చింది. పేరు 'ఏడు కోటల చక్రవర్తి'. మొత్తం ఆడాలంటే నలభై గంటలు. సోమవారం సాయంత్రం ఆరింటికల్లా ఆడి, ఎట్లా ఉందో రాసి, చివర పదికి ఇన్ని మార్కులని వేసి పంపాలి. అదే ఆమె ఉద్యోగం. హైదరాబాదులోని ఒక ఇంటర్నెట్ పత్రికకు కొత్త వీడియో గేముల మీద రివ్యూలు రాస్తుంది. అప్పటికే రెండు ఆలస్యమయ్యాయి. మూడోది కూడా ఆలస్యమైతే ఇంకొకరిని చూసుకుంటామని ఎడిటర్ వాసంతి ఫోనులో చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నవనీతకు భయం వేసింది.

ఫోను వచ్చినప్పుడు తాత గుండయ్య పక్కనే కూర్చుని చాయ తాగుతున్నాడు. గుండయ్య కొత్తవాడ నేత సంఘంలో నలభై ఏళ్లు మాలు చూసినవాడు. నేసిన జంపఖానాలు తెచ్చి ముందర పరిస్తే, చూసి ఫస్టో సెకండో చెప్పాలి. రెండూ కాకపోతే 'ఊడదీయి' అనేవాడు. సంఘంలో ఈ మూడు కాక ఆయన నోట నాలుగో మాట విన్నవాళ్లు తక్కువ.

"తాతా, జర నువ్వు ఆడరాదా. నేను చెప్త, నువ్వు వత్తు," అంది నవనీత.

గుండయ్య తలూపాడు. కొడుకూ కోడలూ ఏటూరునాగారంలో పంతుళ్లు. పిల్లను నమ్మి తన దగ్గర ఉంచారు. తన ఇంట్లో ఉండగా దాని నౌకరీ పోయిందంటే ఆ మాట మోయడం ఆయన వల్ల కాదు.

శనివారం పొద్దున టీవీ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నవనీత ఆట రిమోటు చేతిలో పెట్టింది. తెర మీద పెద్ద కొలువు. సింహాసనం మీద చక్రవర్తి. ఎదురుగా కత్తి పట్టుకుని ఒక కుర్ర వీరుడు. వాడే గుండయ్య. బయట రెక్కల చప్పుడైంది. సేనాపతి లబోదిబోమన్నాడు.

"తాతా, కత్తి తియ్యి. డ్రాగన్ వస్తాంది."

"ఆగు."

"ఆగుడేంది! మనిషి కాలిపోతాండు."

"కింద జంపఖానా ఉన్నది."

ఉంది. సింహాసనం ముందు ఎర్రది, అంచుకు నల్ల పట్టీ, నడుమ పువ్వు. వీరుడు దాని మూలన గొంతుక్కూర్చున్నాడు. గుండయ్య ఉన్న బొత్తాలన్నీ ఒత్తి చూశాడు. మూల లేవలేదు.

"దీన్ని తిరగేసుడెట్ల?"

"తిరగెయ్యరాదు తాతా. అది బొమ్మ."

"బొమ్మైతేంది. మాలు మాలే."

జంపఖానాకు రెండు పక్కలూ ఒక్కతీరుగా ఉండాలి. పైన పువ్వుంటే కిందా పువ్వే. పై చూపు చూసి ఫస్టు చెప్పేవాడిని సంఘంలో గుమ్మం తొక్కనివ్వరు. అందుకని గుండయ్య ఆ రోజంతా జంపఖానా దగ్గర్నుంచి కదల్లేదు. డ్రాగన్ నూట పద్నాలుగు సార్లు కాల్చింది. వీరుడు ప్రతిసారీ బూడిదయ్యాడు, మళ్లీ పుట్టాడు, మళ్లీ వచ్చి మూలన గొంతుక్కూర్చున్నాడు.

చిక్కుళ్లు ఈనెలు తీస్తూ చూస్తున్న నవనీత నానమ్మ శ్యామలమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "ఏందయ్యా, పాపం ఆ పిలగాన్ని ఎన్నిసార్లు సంపుతవ్? ఆడు నీకేం జేసిండు?"

గుండయ్య వీరుడిని మళ్లీ మూల దగ్గరికే నడిపించాడు. నవనీత ఎడమ చేత్తో తల పట్టుకుంది.

పొద్దుగూకగానే రిమోటు పక్కన పెట్టేశాడు. బల్బు వెలుగులో మాలు చూడకూడదని సంఘం నియమం. టీవీకి దాని వెలుగు దానికే ఉంటుందని నవనీత ఎంత చెప్పినా లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఆదివారం పగలు జంపఖానాను వదిలి గోడల వెంబడి తిరిగాడు. నేతలో తప్పు ఎప్పుడూ అంచుల్లోనే దొరుకుతుంది. సింహాసనం వెనక, గోడకు గోడ కలిసే మూలలో, వీరుడిని భుజంతో నెట్టించాడు. ఇంకా నెట్టించాడు. వీరుడి భుజం గోడలోకి దిగింది. తరువాత కాలు దిగింది. ఉన్నట్టుండి నేల విడిచి వాడు కిందికి జారిపోయాడు.

"అయ్యో, బగ్గు! ఆట చెడిపోయింది తాతా. మళ్ల మొదటినుంచి పెడ్త, ఇటియ్యి," అంది నవనీత.

గుండయ్య రిమోటు వెనక్కి లాక్కున్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖం వెలిగింది.

"ఇప్పుడు కనవడ్డది."

ఆట అడుగుభాగం కనబడింది. ఏడు కోటలూ నెత్తి మీద ఉన్నాయి. గోడలకు ముందువైపే ఉంది, వెనక వట్టి గాలి. సైనికుల వెనక నుంచి చూస్తే కనుగుడ్లూ పళ్లూ లోపలి నుంచి కనబడుతున్నాయి. గుర్రాలు డొల్ల. చక్రవర్తి కిరీటంలో తల లేదు, మీసం మాత్రం ఉంది. ఇన్ని డొల్లల నడుమ నిండైనది ఒక్కటే. ఆ ఎర్ర జంపఖానా. కింద నుంచి కూడా అదే పువ్వు, అదే నల్ల పట్టీ. అంచు మడిచి ఉంది. ఒక్క పోగు వేలాడడం లేదు.

గుండయ్య ఆ సాయంత్రం దాకా, సోమవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏడు కోటల కింద చేతులు వెనక్కి కట్టుకున్న పెద్దమనిషిలా తిరిగాడు. డ్రాగన్ పైనెక్కడో అతని కోసం వెతుకుతూ అరుస్తోంది.

ఒంటిగంట అయింది.

"తాతా, ఇగ చెప్పు. పదికి ఎన్నెయ్యాలె?"

గుండయ్య రిమోటు కింద పెట్టాడు. "నేసినోళ్లేరి?"

"ఎవలు?"

"దీన్ని నేసినోళ్లు. ఎదురుంగ కూసోవెట్టకుంట మాలు తక్కువని ఎట్లంటరు బిడ్డా?"

సంఘంలో అదీ ఒక నియమం. నేసినవాళ్లు ఎదురుగా లేనప్పుడు మాలును తక్కువ చేసి అంటే అది చాడీ. ఎదురుగా అంటేనే తీర్పు. ఊడదీయి అన్నవాడు తప్పు దొరికిన వరుస దాకా ఊడదీసే వరకూ పక్కనే కూర్చోవాలి కూడా. అనేసి లేచిపోవడానికి లేదు.

"నేను నెలకు ఎనిమిది ఆటలకు మార్కులేస్త తాతా. ఒక్కల మొఖం సూడలే ఇప్పటిదాంక."

గుండయ్య మనవరాలిని చూసిన చూపుకు ఆమె తల వంచుకుంది. అట్లాగే గొణిగింది. "మన ఊర్లనే, సుబేదారిల ఉన్నది వాళ్ల ఆఫీసు. బట్టల షాపు మీద."

శ్యామలమ్మ పెద్ద డబ్బా నిండా అటుకులు కట్టిచ్చింది. ఊడదీసుడంటే గంటల పనని ఆమెకు తెలుసు.

ఆఫీసు యజమాని విజయ్‌కుమార్ ఆటకు శుక్రవారం విడుదల. రివ్యూ రాసే అమ్మాయి ఇంట్లో పెద్దాయనను కూడా వెంటబెట్టుకుని వచ్చిందనేసరికి చాలా సంతోషించాడు. బాదం పాలు తెప్పించాడు.

"తొమ్మిదా మేడం, తొమ్మిదిన్నరనా? నాతోని చెప్పుండ్రి, ఫికర్ లేదు."

"నేసినోళ్లను పిలువు," అన్నాడు గుండయ్య.

విజయ్‌కుమార్‌కు అర్థం కాలేదు. అయినా మెచ్చుకోవడానికే అయి ఉంటుందని ఆట చేసిన నలభై మందినీ పిలిచి, ముంబాయి నుంచి ఫోను మీద ఫోను వస్తుంటే తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. గుండయ్య కుర్చీ వద్దని నేల మీద కూర్చున్నాడు. పెద్దాయన కింద కూర్చుంటే తాము పైన కూర్చోవడం బాగుండదని నలభై మందీ దిగి కూర్చున్నారు. పెద్ద తెర మీద నవనీత ఎడమ చేత్తో ఆటను తెరిచి, తాత చెప్పినట్టు అడుగుకు దించింది. వాళ్లు మూడేళ్లు చేసిన ఆటను వాళ్లే ఆ పక్క నుంచి ఎన్నడూ చూడలేదు.

"ఈ గోడ ఎవలది?"

గడ్డం పిలగాడొకడు చెయ్యెత్తాడు. "నాదే తాతా. మధు."

"ఎనుక ఏది?"

"ఎనుక ఎవలు సూస్తరు తాతా?"

"నేను సూసిన."

మధు కాసేపు గోడను చూశాడు, కాసేపు గుండయ్యను చూశాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "మూడేండ్ల సంది గోడలే కడ్తాన్న తాతా. ఒక్కడన్న ఆగి సూడలే. అందరు ఉరుకుడే, డ్రాగన్ డ్రాగన్ అనుకుంట."

"ఊడదీయి."

మధు లేచి వెళ్లి గోడ తీసేశాడు. గోడలు పోతే వాటి మీద నిలబెట్టిన బురుజులు పోవాలి. బురుజులు పోయాక సైనికులకు నిలబడే చోటు లేదు. ఒకరి తరువాత ఒకరు లేచి వెళ్లి తమ తమ పని తీసి వచ్చి కూర్చున్నారు. గుండయ్య ఒక్కొక్కరి పక్కన పోయి, ఆఖరిది మాయమయ్యే దాకా కూర్చుని, లేచాడు. తీసినవాళ్లు బరువు దింపుకున్నవాళ్లలా డబ్బాలోని అటుకులు తలా పిడికెడు తిన్నారు.

"తాతా, ఎంత తీసినా కాపీ ఉంటది మాకు," అన్నాడొకడు ధైర్యం చెబుతున్నట్టు.

"అది గిట్లనే ఉన్నదా?"

"అచ్చం గిట్లనే."

"అయితే అదీ ఊడదీయి."

అయిదున్నరకు చక్రవర్తి పోయాడు. నల్లటి తెర మీద ఎర్ర జంపఖానా ఒక్కటే మిగిలింది. ఆనుకోవడానికి నేల కూడా లేదు. గాలిలో మెల్లగా తిరుగుతోంది.

"ఇది ఎవలది?"

వెనక వరుసలో ఒక బక్క పిల్ల భయం భయంగా లేచింది. "నాది తాతా. దీప్తి. కింద పక్క ఎందుకు చేసినవ్, బరువైతదని సార్ తిట్టిండు. తీసేసిన అని చెప్పిన. తియ్యలే."

"ఎందుకు తియ్యలే?"

"మా ఇంట్ల మగ్గం ఉంటుండె. ఒక్క పక్కనే ఉండే జంపఖానా ఎట్లుంటదో నాకు తెల్వది."

గుండయ్య దగ్గరగా పోయి, అది ఈ పక్కకు తిరిగినప్పుడు చూశాడు, ఆ పక్కకు తిరిగినప్పుడు చూశాడు. అప్పుడే విజయ్‌కుమార్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

"చక్రవర్తి ఏడి?"

"ఊడదీసినం సార్."

"డ్రాగన్?"

"దానికి కడుపు లేకుండె సార్," అంది ఆ డ్రాగన్‌ను చేసిన అమ్మాయి, చాలా ఖచ్చితంగా.

విజయ్‌కుమార్ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. అదే సమయానికి నవనీత ఫోను మోగింది. వాసంతి. అయిదూ యాభై అయిదు.

"నవనీతా, అయిదు నిమిషాలే ఉన్నయ్. అంకె వస్తుందా, రాదా?"

నవనీత తాత వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడమన్న ఆట లేదు. ఉన్నదానికి ఏమని వేయాలో తెలియదు. "తాతా, నా నౌకరీ పోతాంది. ఏదన్న చెప్పు."

గుండయ్యకు ఆ పిల్ల ఏడుపు చూడడం కష్టంగా ఉంది. దాని కోసం అబద్ధం చెప్పవలసి వస్తే చెప్పగలడా అని రెండు రోజులుగా లోలోపల తన్నుకులాడుతున్నాడు. చెప్పవలసిన అవసరం ఇప్పుడు లేదు.

"ఫస్టు," అన్నాడు.

"ఫస్టంటే పదికి ఎన్ని?"

"దాని మీద ఇంకోటి లేదు."

నవనీత ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. ఆట పేరు. కింద 'రెండు పక్కలా ఒక్కతీరుగా ఉంది.' దాని కింద పదికి పది. అయిదూ యాభై తొమ్మిదికి పంపింది. ఆరింటికల్లా వాసంతి దాన్ని పత్రికలో పెట్టేసింది.

ఆ పత్రిక పెట్టి పదకొండేళ్లయింది. పదికి పది ఎవరికీ ఎప్పుడూ ఇవ్వలేదు. విజయ్‌కుమార్ గుండయ్యను పోలీసులకు పట్టిస్తానని లేచి నిలబడేలోపే అతని ఫోను మోగింది. అభినందనలు. పెట్టెయ్యగానే ఇంకొకటి. నాలుగో ఫోనుకు అతని గొంతు మారిపోయింది. ఫోను అరచేత్తో మూసి, తెర దగ్గరికి పోతున్న మధును అదిలించాడు.

"ఏయ్, ఏం జేస్తానవ్? గోడ పెడ్తవా? దాన్ని ఎవడన్న ముట్టుకుంటే సూడు మల్ల!"

శుక్రవారం ఆట అట్లాగే విడుదలైంది. జంపఖానా ఉంటుంది. దాన్ని తిరగెయ్యవచ్చు. మళ్లీ తిరగెయ్యవచ్చు. అంతే. ఒకరు పదికి పది వేసిన తరువాత తాము తొమ్మిది వేస్తే తమకు తెలియదనుకుంటారని మిగతా పత్రికల వాళ్లు భయపడి తామూ పదే వేశారు. మొదట్లో కొంచెం మెల్లగా నడిచినా తిరగేసిన తరువాత కథ ఊపందుకుంటుందని ఒకాయన రాశాడు. శత్రువును చూపకుండానే భయపెట్టిన తీరు అద్భుతమని ఇంకొకాయన రాశాడు. రఘునాథపల్లి నుంచి ఒక ఆటగాడు, రెండు వందల గంటలు తిరగేశాను, డ్రాగన్ ఇంకా రాలేదు, దగ్గర్లోనే ఉన్నట్టు తెలుస్తోంది అని రాశాడు.

శ్యామలమ్మ ఒక్కసారి తిరగేసి రిమోటు ఇచ్చేసింది. "మనింట్ల పరుసుకున్నది గిదే గద. దీనికి కరెంటు ఎందుకు?"

వాసంతి నవనీతను పర్మినెంటు చేసింది. కాగితం వచ్చిన రోజు గుండయ్య దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. వెనక ఏమీ రాసి లేదు. పిల్ల సంతోషంగా ఉందని ఏమీ అనలేదు.

నెల తిరిగాక ఒక సోమవారం పొద్దున తలుపు తీసేసరికి గల్లీ పొడుగునా జనం. హైదరాబాదు నుంచి బస్సు చేసుకుని వచ్చారు. నలభై ఇద్దరు. వాళ్ల ఆట వచ్చే నెల విడుదల. అందరూ ఒళ్లో కంప్యూటర్లు పెట్టుకుని, గోడ వారగా నేల మీద వరుసగా కూర్చున్నారు. ఇక్కడ రివ్యూ ఎదురుగా కూర్చోబెట్టి చేస్తారని విన్నారట. వరుస మొదట్లో ఉన్న కుర్రాడు ముందే వెక్కుతున్నాడు.

నవనీత తాత వైపు చూసింది. గుండయ్య వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, పంచె సర్దుకుని మొదటివాడి పక్కన కూర్చోబోయాడు.

"ఆగు," అని శ్యామలమ్మ పెద్ద గిన్నె తీసుకుని బయటికి వచ్చింది. "ముందుగాల అందరు చాయ తాగుండ్రి బిడ్డా. తాగినంక ఏడుద్దురు గని."