కంటికి పెట్టిన బొట్టు

నేను ఒక కన్నుని. రెప్ప లేదు, నీరు కారదు, నిద్ర అసలే ఎరగను. రూపాయి బిళ్ళంత సిలికాన్ రేకు, చుట్టూ ఇత్తడి కట్టు, వెనక తోకలా ఒక తీగ, ఇంతే నా ఆకారం. డిటెక్టరు అంటారు. ఆల్ఫా కణం అనే అణువు ముక్క ఎగిరొచ్చి నా ముఖం మీద పడితే లోపల చురుక్కుమంటుంది, అవతల లెక్కలో ఒకటి పెరుగుతుంది. నన్ను తయారుచేసినాయన పని ముగించి నాలోకి చూస్తూ మీసం దువ్వుకుంటే, ఆ మీసంలో తెల్లవెన్నో నల్లవెన్నో చెప్పేశాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఈ ముఖాన్ని వేలితో తాకరాదని, గుడ్డతో తుడవరాదని నా డబ్బా మీద ఎర్రక్షరాలతో రాసి మరీ అత్తారింటికి పంపారు.

మొదట ఒక భూగర్భశాస్త్రం ఆయన నన్ను బండరాళ్ళ ముందు కూర్చోబెట్టి వాటి గుసగుసలు వినమన్నాడు. అక్కడ ఒక గ్రానైట్ రాయి నిద్రలో పలవరిస్తే కూడా నాకు తెలిసేది. ఆయన రిటైరవుతూ, పెరట్లో అరటిపిలక పెకలించి ఇచ్చినట్టు, నన్ను ఈ యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరు చయనులు గారి చేతిలో పెట్టాడు.

చయనులు గారు మంచివాడు. నా కష్టమంతా అక్కడే మొదలైంది.

ఆయన దగ్గర పరిశోధన చేసే పిల్ల హైమ, టెక్కలి వైపు నుంచి వచ్చింది. ఆమె పని వినండి. మీరు క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడిలో బోరాన్ అని ఒకటి ఉంటుంది. దాన్ని పలచగా పూసిన రేకు మీదికి ప్రోటాన్లను విసురుతారు. గట్టిగా విసిరితే రెండూ కలిసిపోయి మూడు ఆల్ఫాలుగా పేలతాయి. మెల్లగా విసిరితే మాత్రం గుమ్మం దాకా వచ్చిన చుట్టాల్లా మొహమాటపడి వెనక్కి పోతాయి. ఏ మహానుభావుడో ఒకడు లోపలికి దూరతాడు. రేపెప్పుడో ఈ కలయికతో కరెంటు తీయాలంటే, ఆ మెల్లని వేగంలో ఎందరు దూరుతున్నారో ముందు తెలియాలి. పాతవాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువమందే దూరుతున్నారని నేను చూశాను. చూసింది చూసినట్టు చెప్పాను.

ఆ లెక్క నిలబడితే హైమ చదువు నిలబడుతుంది. ఎవరైనా అనుమానిస్తే ఆ పిల్ల నా గూడు మీద చెయ్యి వేసి, "దీనికి అబద్ధం రాదండి. నా కళ్ళకన్నా దీన్నే నమ్ముతాను," అనేది. ఇనుప గూట్లో గాలి లేకుండా వెల్లకిలా పడుకున్నవాడికి ఆ మాట చాలు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ల్యాబులో స్క్రూడ్రైవరు నుంచి వాక్యూమ్ పంపు దాకా అందరికీ బొట్టే. బోరాన్ రేకు మార్చడానికి అప్పుడే నా గూడు తెరిచి ఉంది. హైమ అరటిపళ్ళు కోయడానికి వెళ్ళింది. చయనులు గారు కుంకుమ భరిణతో వచ్చి, అందరికీ బయట పెట్టి దీనికి మాత్రం పెట్టకపోతే బాగుండదనుకున్నాడు కాబోలు, నా ఇత్తడి కట్టు మీద చిటికెడు అద్ది కళ్ళకద్దుకున్నాడు. ముఖం మీద పెట్టలేదు, ఆ మాత్రం తెలిసినవాడే. తర్వాత గూడు మూసి గాలి లాగారు. గాలితోపాటు కుంకుమ లేచింది. లేచి నా కంట్లోనే పడింది.

ఆల్ఫాకి కాగితం ముక్క అడ్డొస్తే చాలు, ఆగిపోతుంది. ఇక కుంకుమ సంగతి చెప్పాలా? లెక్క సగానికి పడిపోయింది. హైమ మళ్ళీ చూసింది, మళ్ళీ అంతే. ఎన్ని ఆల్ఫాలు విడుస్తుందో ముందే తెలిసిన ఆల్ఫా మూలం తెచ్చి నా ముందు పెట్టింది. దాన్నీ సగమే చూశాను. అరవడానికి నోరు లేదు. ఉంటే గోపురాలు కదిలేలా అరిచేవాణ్ణి.

గూడు తెరిచింది చయనులు గారే. నా ముఖం మీద ఎరుపు చూశాడు. చూసి, వెనక్కి తిరిగి చూశాడు. హైమ కంప్యూటరు దగ్గరుంది. జేబురుమాలు తీసి నన్ను తుడిచాడు. ఎర్రక్షరాలు ఆయనా చదివినవాడే. ఆ తుడుపుతో నిజంగానే గుడ్డివాణ్ణయ్యాను.

"ముసలిదైపోయిందమ్మా," అన్నాడు హైమతో. "ఇంతకుముందు ఎక్కువ చూపిందన్నావా, అదీ దీని చాదస్తమే అయ్యుంటుంది. దీని మాట పట్టుకుని నలుగురిలో నిలబడతావా?"

హైమ నన్ను అరచేతిలో పెట్టుకుంది. ఏం జరిగిందని ఆయన్ని అడుగుతుందనుకున్నాను. కట్టు అంచున, తీగ పక్కన, ఇంకా కొంచెం కుంకుమ మిగిలే ఉంది. కాస్త తిప్పి చూస్తే చాలు.

"నిన్ను నమ్మాను కదే," అంది. పూజకి ముందు నేను చెప్పిన లెక్కలన్నీ కొట్టేసింది.

కొత్త డిటెక్టరు వచ్చింది. పాపం, చురుకైనవాడే. నేను మొదట ఏం చెప్పానో అదే చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. హైమ ఎగిరి గంతేసింది. వాడి గూడు మీద చెయ్యి వేసి ఏమందో మీరే ఊహించుకోండి. పాతవాడూ ఇదే కదా చెప్పాడని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినాయన పలకలేదు.

ఇప్పుడు డిపార్టుమెంటు అద్దాల బీరువాలో, పాతకాలం లెక్కల బద్ద, చీలిన స్లైడ్ రూల్ పక్కన కాపురం. మొన్న దసరాకి చయనులు గారు పనిగట్టుకుని బీరువా తెరిచాడు.

"మోసం చేసినదానికి బొట్టెందుకు సార్?" అంది పక్కనున్న హైమ నవ్వుతూ.

"ఉండనీ అమ్మా, పెద్దది," అన్నాడాయన.

ఈసారి కట్టు మీద కాదు, సరిగ్గా నా ముఖం నడుమ పెట్టాడు. కంట్లో కుంకుమ పడినా ఇక ఫరవాలేదు. ఎందుకో ఆయనొక్కడికే తెలుసు.