పై కొక్కేనికున్న సంచి

ఆటబడి ముందు ఆటో దిగగానే నేను చూసింది గేటు గడియని. తనిఖీకి వచ్చేవాళ్ళెవరైనా ముందు అదే చూస్తారు, చిన్నపిల్లల చేతికి అందేలా ఉందా లేదా అని. నేను చూసింది అందుకు కాదు. ఆ గడియా నేనూ పాత పరిచయస్తులం. పదేళ్ళ కిందట ఇదే గేటు బయట నిలబడి, ఎవరైనా వచ్చి దాన్ని తీస్తారేమోనని కాళ్ళు పీక్కుపోయేదాకా చూసేదాన్ని. ఎవరూ తీసేవాళ్ళు కాదు.

ఈసారి నేను చెయ్యి ఎత్తకముందే తీశారు. తీసింది మా పెద్ద ఆడపడుచు.

"రండి మేడమ్," అంది.

అప్పట్లో ఆవిడ నన్ను "ఏయ్ అమ్మాయ్" అని పిలిచేది. ఇప్పుడు ఆ "మేడమ్" ఆవిడ నోట్లోంచి చేదు మందు కక్కినట్టు బయటికొచ్చింది. నాకు మాత్రం చెవుల్లో తేనె పోసినట్టుంది. ఇంకోసారి వినాలని, వినబడనట్టు "ఆఁ?" అన్నాను. మళ్ళీ అంది.

వీధివాళ్ళంతా కలిసి నడుపుకునే ఆటబడి అది. నడిచేది మా ఆడపడుచు ఇంట్లోనే, బాధ్యతా ఆవిడదే. ఏడాదికోసారి మా ఆఫీసు నుంచి ఒకరు వచ్చి రోజంతా కూర్చుని, పిల్లల్ని ఎలా చూసుకుంటున్నారు, వాళ్ళు ఏం నేర్చుకుంటున్నారు అని చూసి, సాయంత్రం తల్లిదండ్రుల ముందు నోటితో చెప్పి, మార్కులు వేసి వెళ్తారు. మార్కులు తగ్గితే ఆటబడికి తాళం పడుతుంది. చుట్టాలున్న చోటికి తనిఖీకి వెళ్ళకూడదని మాకో రూలుంది. "మీకక్కడ ఎవరూ లేరు కదా?" అని పైఅధికారి అడిగితే, "ఎవరూ లేరండి," అన్నాను. అందులో అబద్ధమేముంది? నేను వాళ్ళకేమీ కానని వాళ్ళే పదిమంది ముందు తేల్చిపారేశారు.

ఆ పదిమంది ముందే ఇంకో మాట కూడా అన్నారు. నేనూ మా ఆయనా విడిపోతున్న రోజులవి. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర పీటముడి పడింది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఆయన తరఫున కూడా అక్కగారే మాట్లాడింది. "దీనికి పిల్లని చూసుకోవడం చేతకాదండీ. పొద్దున్నే పనికి పోతూ పిల్ల చేతిలో జుట్టు క్లిప్పు పెట్టి పోతుంది. అదీ దీని పెంపకం!" అంది. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యే నాలుగేళ్ళ నా కూతురు వాళ్ళదైపోయింది.

వారం వారం పంపిస్తామన్నారు. తర్వాత పిల్ల ఏడుస్తోందన్నారు. ఆ తర్వాత పిల్లే రానంటోందన్నారు. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. నేను ఫోన్ చేస్తే "ఊఁ", "సరే", "పెట్టేస్తున్నా" అంటుంది. అంతకు మించి నా కూతురి గొంతు నేను విని చాలా కాలమైంది.

అందుకని నేను ఆ రోజు ఏం కావాలని వెళ్ళానో నాకు బాగా తెలుసు. చేతకాదు అన్న ఆ మాటని ఆవిడ నోటితోనే మింగించాలి. అది కుదరకపోతే ఆటబడి మూయించాలి. రెండూ కుదిరితే ఇంకా మంచిది.

మొదటి గంట లోపాల కోసం కుక్కలా వాసన పట్టాను. మరుగుదొడ్డి కుళాయిలు పిల్లల ఎత్తులోనే ఉన్నాయి. సబ్బుంది. చాపలు ఎత్తి కింద చూశాను. అలమార పైన వేలితో గీసి చూస్తే, అలమార శుభ్రంగానే ఉంది, నా వేలికే ఇంకు మరక. బొమ్మల పుస్తకాలు అట్టలు చిరిగి ఉన్నాయి. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తెరిచి చూస్తే చిరుగులన్నీ ఓపిగ్గా అంటించి ఉన్నాయి. పిల్లలు నిజంగా చదివే చోట పుస్తకాలు అలాగే ఉంటాయని నాకు తెలుసు. తెలిసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

సరే, వస్తువుల దగ్గర దొరక్కపోతే పిల్లల దగ్గర దొరుకుతుంది. మా పనిలో ఒక పద్ధతుంది. గుంపునంతా చూడకుండా ఒకే పిల్లనో పిల్లాడినో ఎంచుకుని, పూటంతా వాళ్ళ వెంటే కళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. కావాలనే కొత్తగా చేరిన వాణ్ణి ఎంచుకున్నాను. కొత్తవాళ్ళ దగ్గరే ఏ బడి బండారమైనా బయటపడుతుంది. వాడు బుగ్గలేసుకుని గుండ్రంగా ఉన్నాడు, అందరూ బూరె అని పిలుస్తున్నారు. దర్జీ పని చేసే తల్లిని పట్టుకుని గుమ్మం దగ్గర గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఏడు నాన్నా, ఏడు," అనుకున్నాను లోపల. నేనంత దుర్మార్గురాలినయ్యానా అని మీరనుకోవచ్చు. అయ్యాను.

ఆడపడుచు వాణ్ణి లాక్కోలేదు, బుజ్జగించలేదు. తల్లి వైపు చూసి, "ఇవాళ ఏమిస్తున్నావమ్మా?" అంది. తల్లి మెడలో వేసుకున్న కొలత టేపు తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇది లేకపోతే అమ్మకి పని సాగదు. జాగ్రత్తగా దాచు. సాయంత్రం దీనికోసం నేను రావాల్సిందే కదా," అంది. వాడు టేపు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. గోడకి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో గుడ్డ సంచి. వాడు తన సంచిలో టేపు పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. తల్లి వెళ్ళిపోయింది. వాడు చూడనే లేదు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇది లేకపోతే అమ్మ జుట్టు నిలవదు. దాచిపెట్టు. సాయంత్రం దీనికోసం నేను రావాల్సిందే కదా." ఈ మాటలు నావి. నా పిల్ల గుమ్మంలో కాళ్ళు చుట్టేసుకుని వదలకపోతే, ఏం చేయాలో ఎవరూ చెప్పేవాళ్ళు లేక, నా తలలోంచి క్లిప్పు లాగి దాని చేతిలో పెట్టి నేనే కల్పించుకున్న ఉపాయం అది. రోజంతా ఆఫీసులో జుట్టు మొహం మీద పడుతుంటే అందరూ ఆటపట్టించేవాళ్ళు. నేను నవ్వేసేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్తే పిడికిలి విప్పి క్లిప్పు ఇచ్చేది, చెమటతో తడిసి, వెచ్చగా ఉండేది.

పదిమందిలో వెక్కిరించిన ఆ క్లిప్పుని ఈ మహాతల్లి గోడనిండా వేలాడదీసింది!

బూరెగాడు అంతటితో ఆగలేదు. కాసేపటికి టేపు తీసి బల్ల కొలిచాడు, తలుపు కొలిచాడు, చివరికి నా చెప్పు కొలిచి "రెండు!" అన్నాడు. ఆడపడుచు "తప్పు" అనలేదు. "అయితే మేడమ్ గారి చెప్పు పెద్దదా, నీ చెప్పు పెద్దదా?" అంది. వాడు తన చెప్పు విప్పి నా చెప్పు పక్కన పెట్టి చూశాడు. ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. కాసేపట్లో గదిలో ఉన్న చెప్పులన్నీ చిన్నా పెద్దా వరసలో నిలబడ్డాయి. చదువు అలా పుడుతుందని మేము శిక్షణల్లో చెప్తాం. కళ్ళముందు పుట్టడం మాత్రం అరుదు. ఎంత కడుపుమంటతో ఉన్నా ఆ సంగతి నాకు కనబడుతూనే ఉంది.

పిల్లలు పడుకున్నాక అడిగాను. "ఈ సంచుల పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు?"

"అనుభవం మీద వచ్చిందండీ," అంది, నా కళ్ళలోకి చూడకుండా.

"అలాగా."

లేచి ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. మిగతా కొక్కేలన్నీ పిల్లల చేతికి అందేటంత కిందున్నాయి. ఒక్కటే బాగా పైన ఉంది. దాని సంచి రంగు వెలిసిపోయింది. బయటినుంచే తడిమి చూశాను. ఒక పన్ను ఊడిన క్లిప్పు. తడిమితే చాలు, చూడక్కర్లేదు.

"అది మా మొదటి పిల్లది," అంది ఆవిడ వెనకనుంచి. గొంతు తగ్గించింది. "అది చాలా ఏడ్చేది. ఏం చేసినా ఊరుకునేది కాదు. క్లిప్పు చేతిలో ఉంటే పడుకునేది. అలా మొదలైంది ఇదంతా." ఆ సంచి వైపే చూస్తూ, "బడి అయ్యాక అది ఇక్కడికే వస్తుంది. దాని ముందు ఏమీ అనకు, నీకు దణ్ణం పెడతాను," అంది.

మేడమ్ పోయి నువ్వులోకి వచ్చేసిందని అప్పుడు గమనించాను. ఆవిడ నా ముందు తగ్గడం పదేళ్ళలో మొదటిసారి. చెప్పొద్దూ, ఆవిడ అలా బతిమాలుతుంటే చూడటం నాకెంతో బాగుంది.

మార్కుల కాగితం తీసుకుని చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. తక్కువ వేస్తే ఎవరూ అడగరు. ఇంతకాలం పళ్ళు నూరింది ఈ పూట కోసమే. కానీ వేటికి తగ్గించాలి? పిల్లవాడు ఏడుపు మానిన తీరుకా? అది నా ఉపాయం. చెప్పుల వరసకా? అది ఆ ఉపాయం కన్న బిడ్డ. ఆ మార్కులు నావి. నా మార్కులు నేనెందుకు కోసుకుంటాను? ఉన్నవన్నీ వేసేశాను. వేశాక నాకు పగ తీరలేదు, పైగా పదునెక్కింది.

సాయంత్రం తల్లిదండ్రులంతా వచ్చి కూర్చున్నారు. దర్జీ తల్లి ముందు వరసలో ఉంది, బూరెగాడు ఆవిడ ఒళ్ళో. తలుపు దగ్గర పుస్తకాల సంచి దించకుండానే నిలబడిన పొడుగాటి పిల్ల నా కూతురు. నన్ను చూసి ఉలిక్కిపడింది. వెళ్ళిపోదామా అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి, ఎందుకో ఆగింది.

"ఇక్కడి సంచుల పద్ధతి నేను చూసిన ఆటబడులన్నిటిలోకీ మంచిది. పూర్తి మార్కులు వేశాను," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడపడుచు గుండెలమీద చెయ్యి వేసుకుంది.

"ఒక్క ప్రశ్న మిగిలింది," అన్నాను. "మధ్యాహ్నం అడిగాను, ఇందరి ముందు మళ్ళీ అడుగుతున్నాను. ఇది మీకు ఎవరు నేర్పారు?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ నన్ను చూసింది, తలుపు దగ్గరున్న పిల్లని చూసింది. "అనుభవం" అని మళ్ళీ అనొచ్చు. అంటే ఆవిడని అడ్డుకునే ఆధారం నా దగ్గరేమీ లేదు.

"మా మరదలు," అంది.

"ఆవిడకి పిల్లల్ని చూసుకోవడం చేతనవునా?"

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అవును."

"కొంచెం గట్టిగా చెప్పండి. తలుపు దగ్గరున్నవాళ్ళకి వినబడాలి."

"చేతనవును," అంది ఆవిడ. కళ్ళు నిండిపోయాయి. "నాకంటే బాగా చేతనవును. చేతకాదన్నది నేనే. తప్పు నాది."

నేను కోరుకున్న మాట కోరుకున్నట్టే పడింది. అక్కడితో లేచి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా నా కూతురు జనం మధ్యలోంచి వచ్చి, చెయ్యి చాచి పై కొక్కేనికున్న సంచి తీసింది. ఇప్పుడు దానికి పీట అక్కర్లేదు. క్లిప్పు బయటికి తీసి అత్త ముందు నిలబడింది.

"అమ్మ దీనికోసం ఒక్కసారి కూడా రాలేదన్నావు కదా అత్తా?"

ఆ మాట నాకు తెలియదు. పదేళ్ళుగా ఆ పిల్ల ఏం నమ్మి పడుకుందో అప్పుడు తెలిసింది. సాయంత్రం రావాల్సిందే కదా అని నేను చెప్పిన మాటకోసం కాచుకుని కూర్చున్న పిల్లకి, మీ అమ్మ రాలేదని చెప్పారు. ఇంకా ఎంత మింగించినా చాలదనిపించింది నాకు.

"వచ్చింది," అంది ఆడపడుచు, నేల చూపులు చూస్తూ. "గేటు దగ్గర నిలబడేది. నేనే తీయలేదు."

"చాలాసార్లా?"

"చాలాసార్లు."

నా కూతురు ఏడవలేదు. అత్త వైపు అలా చూస్తూ నిలబడింది. నేను పదేళ్ళు వెతికినా ఆ చూపు కంటే పెద్ద శిక్ష వేయలేకపోయేదాన్ని. బూరెగాడు మధ్యలో, "ఎవరిది వాళ్ళకే ఇచ్చెయ్యాలి!" అని అరిచాడు. ఆ ఆటబడిలో అది రూలు. సాయంత్రం పిల్లలే తమ చేత్తో వస్తువు ఇచ్చి పంపాలి.

నా కూతురు నా దగ్గరికి వచ్చింది. నా తల వైపు చూసింది.

"జుట్టు కత్తిరించేశావా?"

"ఎప్పుడో. క్లిప్పు లేదు కదా."

చెయ్యి చాచాను. అది క్లిప్పు నా అరచేతి దాకా తెచ్చి, మళ్ళీ పిడికిలి మూసేసింది.

"ఇవాళ ఇవ్వను," అంది. "ఇది నా దగ్గరుంటే నువ్వు మళ్ళీ రావాలి."

ఫోన్‌లో వినే గొంతు కాదది. నాకు తల ఊపడం తప్ప ఏమీ చేతకాలేదు.

ఆడపడుచు గేటు దాకా నా వెనకే వచ్చింది. గడియ ఆవిడే తీసింది. నేను ఆగకుండా బయటికి నడిచి వెనక్కి తిరిగాను.

"రేపు సాయంత్రం వస్తాను వదినా," అన్నాను. "గేటు తీసి ఉంచండి."