మోకాలెత్తు గుడ్లు

తత్సుజి పొద చుట్టూ గడ్డితాడు మరో చుట్టు తిప్పి, ముడి మీద బొటనవేలు అదిమి పెట్టాడు. చలికి తాడు బిరుసెక్కింది. ఒక కొస పళ్ళతో పట్టి లాగితే నోటి నిండా ఎండుగడ్డి రుచి. ఎచిగో కొండల్లో నవంబరు వచ్చిందంటే తోటల్లో ఇదే పని. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా చెట్లను కట్టాలి, కిటికీలకు పలకలు బిగించాలి. మంచు మొదలయ్యాక ఇళ్ళ కప్పులెక్కి పారతో కిందికి తొయ్యాలి. మీసాలు రాకముందు నుంచీ అతనికి తెలిసిన పనులు ఇవే.

ఆ ఆఖరి పని మాత్రం ఈ ఏడు తలుచుకోబుద్ధి కావడం లేదు.

పోయిన శీతాకాలం, తనతో పనిచేసే మొకిచి కప్పు మీద నుంచి పడి చనిపోయాడు. ఇద్దరూ ఒకే ఇంటి మీద ఉన్నారు, కప్పు వెన్నుకు ఇటు వాలులో తత్సుజి, అటు వాలులో మొకిచి. అరుపు వినిపించలేదు. అటువైపు పార చప్పుడు ఆగింది, అంతే. సిగరెట్టు వెలిగించుకున్నాడేమో అనుకుని తత్సుజి తన మంచు తాను తోసుకుంటూ పోయాడు. ఎంతసేపు అలా తోశాడో ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి భార్యతో కూడా అనలేదు.

జేబులో అగ్గిపెట్టె గరగరమంది. లోపల మిడత ఉంది.

ఈ తోట ఇసో అవ్వది. గొల్లభామ పురుగు ఎంత ఎత్తున గుడ్లు పెడితే ఆ ఏడు మంచు అంత ఎత్తున పడుతుందని ఈ కొండల్లో అందరి లెక్క. ఈ వీధికి ఆ లెక్క చెప్పేది ఇసో అవ్వే. కట్టెలు ఎన్ని కొనాలో, ముసలివాళ్ళను పేటకు పంపాలో వద్దో, జనం ఆమె మాట విని తేల్చుకుంటారు. అందుకే గొల్లభామను ఎవరూ తాకకూడదు, తిండి పెట్టకూడదు. దాని ఆకలితో అది తిరిగి, తన చోటు తానే వెతుక్కోవాలి.

ఆకులు రంగు మారేవేళ అది చెర్రీ చెట్టు మీద, తత్సుజి తలకన్నా చాలా ఎత్తున కనిపించింది. పొట్ట ఉబ్బి, ముందుకాళ్ళు మడిచి, మెడ తిప్పి అతన్నే చూసింది. అంత ఎత్తు మంచు! చూరు కూడా కనబడదు. మర్నాడు పుల్ల చివర మిడతను గుచ్చి, కొంచెం కిందుగా చూపించాడు. అది వచ్చి అందుకుంది. ఆ తర్వాత పనికి వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త కిందికి.

ఇప్పుడు బావి పక్కకు వెళ్ళి చూశాడు. పొట్టి పొదలో, అతని మోకాలి దగ్గర, అది తలకిందులుగా వేలాడుతోంది. కొమ్మకు అంటుకుని సబ్బు నురగలాంటి ముద్ద. అప్పుడే గట్టిపడుతోంది. గుడ్లు పెట్టేసింది.

తత్సుజి అక్కడే చతికిలబడ్డాడు. మిడతను గడ్డిలో వదిలేశాడు. మధ్యాహ్నం అన్నం ముద్దలో ఊరగాయ పండు తగిలితే, చాలా రోజుల తర్వాత దాని పులుపు తెలిసింది.

"ఏరా, ఆ ముడులేమిట్రా? దొంగను కట్టేసినట్టు! పొదకి ఊపిరాడద్దూ?" ఇసో అవ్వ చేతులు నడుముకు ఆన్చుకుని వచ్చింది.

"ఊపిరాడితే మంచు దూరుతుంది అవ్వా."

ఆమె బావి పక్కన వంగింది. వంగినది వంగినట్టే అరిచింది. "మోకాలెత్తు! చూశావుట్రా? మోకాలెత్తే! మా మేనకోడలు రోజూ ఫోన్‌లో ఒకటే నస, పేటకి వచ్చెయ్యమని. దాని కాఫీ నేను తాగలేను, దాని మొగుడి గురక నేను వినలేను. ఈ ఏడు కదిలేది లేదని చెప్పేస్తా. కిటికీలకి పలకలు కూడా వద్దు, ఇల్లంతా చీకటి."

తత్సుజి అన్నం ముద్ద పక్కన పెట్టాడు. చూరు దాకా మంచు, పగిలిన అద్దాలు, లోపల ఈ మనిషి. పిలిచినా ఎవరికి వినిపిస్తుంది? ఎవరూ చూడలేదు కదా, అనుకున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనకే ఇంకా భయమేసింది.

"పలకలు బిగిస్తాను అవ్వా."

"వద్దన్నానుగా."

"దానికి నేను తిండి పెట్టాను."

"దేనికి?"

"గొల్లభామకి. మిడతలు చూపించి కిందికి దింపాను."

ఆమె పకపకా నవ్వింది. "లంచమా? అదేమన్నా ఊరి ఆఫీసులో గుమస్తా అనుకున్నావా?" నవ్వు సగంలో ఆగింది. "ముందు ఎక్కడుండేది?"

తత్సుజి చెయ్యి పైకెత్తాడు. చాలక మునివేళ్ళ మీద లేచాడు.

ఇసో అవ్వ ఆ చేతివంక చూసింది. తర్వాత తన ఇంటి చూరువంక చూసింది. నడుముకు కట్టుకున్న గుడ్డను ఆమె వేళ్ళు నలుపుతున్నాయి.

"ఎందుకురా ఈ పని?"

"కప్పెక్కాలంటే భయం అవ్వా. మొకిచి పడ్డప్పుడు నేను ఇటువైపు పని ఆపలేదు."

ఆమె తిట్టలేదు. "నేను కాపురానికొచ్చిన ఏడు అంత పడింది. పైకిటికీలోంచి బయటికి నడిచాం," అంది. కాసేపటికి, "చెయ్యి దించరా, నొప్పెడుతుంది," అని లోపలికి వెళ్ళింది. ఆమె ఫోన్‌లో మాట్లాడటం సన్నగా వినిపించింది. తర్వాత పక్కింటికి, ఆ పక్కింటికి వెళ్ళి లెక్క మార్చి చెప్పి వచ్చింది.

తత్సుజి సాయంత్రం దాకా పలకలు కొట్టాడు. ఒక్కో పలకకూ ఇంట్లో ఒక్కో గది చీకటైంది. మేనకోడలి కారు వచ్చింది. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అవ్వ అద్దం దించింది.

"మొకిచి నడుముకి తాడు కట్టుకోలేదు. నువ్వు కట్టుకో. భయమైతే రెండు కట్టుకో."

కారు మలుపు తిరిగింది. వీధి నిశ్శబ్దమైంది. ఈ ఏడు కప్పు వెన్నుకు అటువైపు ఎవరుంటారో, ఉన్నా వాళ్ళ పార చప్పుడు తనకు వినిపిస్తుందో లేదో అనుకుంటూ పనిముట్లు తీసుకోవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు.

గొల్లభామ పొద కింద పక్కకు ఒరిగి ఉంది. వేలితో కదిపితే తేలిగ్గా దొర్లింది. ముందుకాళ్ళు మడిచే ఉన్నాయి.

దాని తిండికని అవ్వ ఎప్పుడు పెట్టిందో, పక్కన రాతి మీద చిన్న పింగాణీ పళ్ళెం ఉంది. అందులో సన్నగా కోసిన పచ్చి చేప ముక్క, అంచుల వెంట అప్పుడే మంచు కడుతోంది.